ఆమలకం సాగిపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మహబూబ్‌నగర్ నుంచి అలంపురం వెళ్లి, ఫుజిఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 100 కెమెరాకు 30 మి.మీ. లెన్స్ తగిలించి, నవబ్రహ్మ ఆలయాల్లో ఒకదాన్ని నిలువు ఫ్రేములో తీశారు. వెనక్కి జరగడానికి చోటు లేక కెమెరా ముఖాన్ని పైకెత్తవలసి వచ్చింది. ఇంటికి వచ్చి ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో వాలిన గోడలను నిటారుగా చేయగానే శిఖరం మీది ఆమలకం, అంటే ఉసిరికాయ ఆకారపు గుండ్రాయి, నిలువునా సాగిపోయింది, అక్కడి చెక్కడపు వివరం కూడా మెత్తబడింది. మీ మాటల్లోనే చెప్పాలంటే 'ఉసిరికాయ సొరకాయ అయింది'. కెమెరా కదలకుండా తాను మాత్రం పైకీ పక్కకీ జరిగే షిఫ్ట్ లెన్స్ ఉంటే ఇవి జరిగేవి కావని మిత్రులు చెప్పారు కనుక, లక్షలు పెట్టి ఆ లెన్స్ కొనాలా, సాఫ్ట్‌వేర్‌తోనే సరిపెట్టుకోవాలా అని అడిగారు.

మీరు చెప్పిన రెండు లోపాలూ ఒకే చోట కనిపించినా, వాటి పుట్టుక వేరు. వివరం మెత్తబడటం సాఫ్ట్‌వేర్ సవరణ వల్ల వచ్చింది. దాన్ని షిఫ్ట్ లెన్స్ చాలావరకు తప్పిస్తుంది. ఆమలకం సాగటం మాత్రం మీరు నిలబడ్డ చోటు వల్ల వచ్చింది. అదే చోట నిలబడితే ఎంత ఖరీదైన షిఫ్ట్ లెన్సయినా ఆమలకాన్ని అంతే సాగదీస్తుంది. ఈ తేడా తెలియకుండా లెన్స్ కొన్నవారు మొదటి రోజే నిరాశపడతారు.

కెమెరా సెన్సర్ గోడకు సమాంతరంగా ఉన్నంతవరకు గోడ నిలువు గీతలు చిత్రంలోనూ సమాంతరంగానే పడతాయి. కెమెరాను పైకెత్తిన మరుక్షణం సెన్సర్ పై అంచుకూ కింది అంచుకూ గోడతో దూరం మారిపోతుంది, గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరవుతాయి. దీనికి మందు ఒక్కటే: కెమెరాను ఎత్తకుండా పైభాగాన్ని ఫ్రేములోకి తేవాలి. షిఫ్ట్ లెన్స్ చేసేది అదే. అది సెన్సర్‌కు కావలసినదానికంటే చాలా పెద్ద వృత్తంలో బింబాన్ని వేస్తుంది, ఆ వృత్తంలో ఏ భాగం సెన్సర్ మీద పడాలో లెన్స్‌ను జరిపి మనం ఎంచుకుంటాం. మీ కెమెరా సెన్సర్ 43.8 × 32.9 మి.మీ.; దాని కర్ణం దాదాపు 55 మి.మీ. ఫుజిఫిల్మ్ 2023లో తెచ్చిన 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ (జరగడంతో పాటు వంగగల) లెన్స్ వేసే బింబవృత్తం 85 మి.మీ.; అందువల్ల అది ఇటూ అటూ 15 మి.మీ. చొప్పున జరగగలుగుతుంది.

ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. నేను పని నేర్చుకున్న నల్లగొండ స్టూడియోలో నల్లగుడ్డ కప్పుకుని చూసే కొయ్య కెమెరా ఒకటి మూలన ఉండేది. దాని ముందుపలకను మరవదులు చేసి పైకి జరిపితే ఇదే పని జరిగేది. మీ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ కాలంలో కట్టడాలు తీసేవారు వాడినవి చాలావరకు ఈ జాతి గాజుపలక కెమెరాలే. తరువాత చేతికి అందిన చిన్న పెట్టె కెమెరాలకు ఆ కదలిక పోయింది, వాలుగోడలు వచ్చాయి.

సవరణ కూడా కొత్తది కాదు. 120 ఫిలిం రోజుల్లో, ఫిలిం మీది బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద, ఆ కాగితాన్ని పట్టే ఈజిల్‌ను ఒకవైపు పుస్తకాలతో ఎత్తి, గుడి పాదం పడే వైపు లెన్స్‌కు దగ్గరగా, శిఖరం పడే వైపు దూరంగా ఉండేలా చేసి గోడలను నిలబెట్టేవాళ్లం. దూరమైన వైపు వెలుతురు తగ్గేది, గ్రెయిన్ (ఫిలిం రేణువు) పెద్దదయ్యేది; రెండు కొసలూ ఫోకస్‌లో ఉండటానికి ఎన్‌లార్జర్ లెన్స్ రంధ్రాన్ని బాగా మూయవలసి వచ్చేది. ఇవాళ సాఫ్ట్‌వేర్ పిక్సెళ్లతో చేసేది సరిగ్గా ఇదే. శిఖరం దగ్గర గ్రెయిన్ పెద్దదైనట్టే, ఇప్పుడు శిఖరం దగ్గర పిక్సెల్ సాగుతుంది.

ఎంత సాగుతుందో లెక్క వేసి చూద్దాం. పన్నెండు మీటర్ల ఎత్తున్న గుడికి తొమ్మిది మీటర్ల దూరంలో, ఒకటిన్నర మీటరు ఎత్తున కెమెరా పెట్టామనుకోండి. కొస కలశం మన చూపుమట్టం నుంచి 49 డిగ్రీలకు కాస్త పైన ఉంటుంది. 30 మి.మీ. లెన్స్‌ను నిలువు ఫ్రేములో లెవెల్‌గా పెడితే 36 డిగ్రీల దాకానే అందుతుంది. షిఫ్ట్ లెన్స్‌ను పూర్తిగా 15 మి.మీ. పైకి జరిపితే దాదాపు 51 డిగ్రీల దాకా అందుతుంది, కింద 13 డిగ్రీల మేర నేల కూడా మిగులుతుంది. అంటే గుడి మొత్తం పడుతుంది. షిఫ్ట్ లేకుండా అదే 51 డిగ్రీలను అందుకోవాలంటే మామూలు 30 మి.మీ. లెన్స్‌ను 15 డిగ్రీలు పైకెత్తాలి. అలా తీసిన చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా నిటారు చేసినప్పుడు పై అంచులోని ప్రతి పిక్సెల్ అడ్డంగా 1.29 రెట్లు, నిలువుగా 1.66 రెట్లు సాగుతుంది. విస్తీర్ణంలో చూస్తే రెండింతలకు మించి. కింది భాగంలోనేమో పిక్సెళ్లు కుదించబడతాయి. అంటే సాఫ్ట్‌వేర్ గచ్చునేలకు అవసరం లేని స్పష్టతను ఇచ్చి, మనం చూడదలచిన శిఖరం దగ్గర పొదుపు చేస్తోంది. పైగా సవరించిన చిత్రం కింద సన్నగా, పైన వెడల్పుగా తయారవుతుంది కనుక, ఖాళీ మూలలను కత్తిరించాక పాదభాగంలో మిగిలే వెడల్పు షిఫ్ట్ చిత్రంలో పడేదానికంటే పదో వంతు దాకా తక్కువ. మీ చిత్రంలో ద్వారానికి పక్కనున్న గూళ్లు తెగిపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

అయితే దీన్ని చూసి బెదరనక్కరలేదు. మీ కెమెరా చిత్రం పొడవు 11,648 పిక్సెళ్లు. 60 సెంటీమీటర్ల ఎత్తు ప్రింటు వేస్తే, 1.66 రెట్లు సాగిన పై అంచులో కూడా అంగుళానికి 300 పిక్సెళ్ల దరిదాపుల్లోనే ఉంటాం. పుస్తకం పుటకు అది ఎక్కువే. గోడంత ప్రింటు వేసి దగ్గర నిలబడి చూసేవారికే తేడా తెలుస్తుంది. ఇక ఎత్తిన కోణం 8 డిగ్రీలకు మించకపోతే పై అంచు సాగుదల నిలువుగా 1.27, అడ్డంగా 1.12 రెట్లే, దాన్ని నేను ప్రింటులో ఇంతవరకు గుర్తుపట్టలేకపోయాను. అందుకే నా లెక్కలో 8 డిగ్రీల లోపు షిఫ్ట్ లెన్స్ వెంట తీసుకెళ్లడం బరువుచేటు.

ఇప్పుడు సాగిన ఆమలకం సంగతి. పెళ్లి గ్రూపు ఫొటో వైడ్ లెన్స్‌తో తీసినప్పుడు వరుస చివర నిలబడ్డ మేనమామ ఉన్నదానికంటే లావుగా పడటం మీరు చూసే ఉంటారు. సమతలమైన సెన్సర్ మీద, లెన్స్ అక్షానికి (లెన్స్ నడిమధ్య నుంచి నేరుగా ముందుకు పోయే గీతకు) దూరంగా పడే గుండ్రని వస్తువేదైనా అక్షం నుంచి బయటి వైపుకు సాగుతుంది. 49 డిగ్రీల దూరంలో ఉన్న గోళం ఒకటిన్నర రెట్లు పొడవుగా పడుతుంది. మీ కలశం, ఆమలకం అక్కడే ఉన్నాయి. షిఫ్ట్ లెన్స్‌తో తీసినా సెన్సర్ గోడకు సమాంతరంగా ఉండి కలశం అక్షానికి 49 డిగ్రీల పైనే ఉంటుంది. కెమెరా ఎత్తి తీసి, సరైన ఫోకల్ లెంగ్త్ (లెన్స్‌కు చెప్పే ఈ 30 మి.మీ. లాంటి కొలత) లెక్కతో సాఫ్ట్‌వేర్‌లో పూర్తిగా సవరించినా చేరేది అదే రేఖాగణితానికి. ఒకే చోటి నుంచి తీసిన ఈ రెండు చిత్రాలను ఒకదాని మీద ఒకటి పెడితే గీతకు గీత కలుస్తుంది. మరి కెమెరా ఎత్తి, సవరించకుండా వదిలిన చిత్రంలో ఆమలకం గుండ్రంగా ఎందుకుందంటే, అక్కడ అది అక్షానికి దగ్గరగా ఉంది కనుక. నిటారు గోడలూ గుండ్రని ఆమలకమూ రెండూ కావాలంటే దూరం పోవడమే తప్ప దారి లేదు.

అలంపురంలోని ఈ రేఖానాగర శైలి శిఖరాల విషయంలో ఈ దూరం మాట మరీ ముఖ్యం. బాదామి చాళుక్యుల కాలపు ఈ శిఖరాల అందమంతా లోపలికి వంగుతూ పైకి పోయే ఆ నాలుగు అంచుల ఒంపులో ఉంది. దగ్గర నిలబడి తీస్తే ముందున్న మండపపు కప్పు శిఖరం అడుగుభాగాన్ని మింగేస్తుంది. మిగిలిన పైభాగాన్ని సాగదీస్తే ఆ ఒంపు గాలిగోపురంలా నిట్రాట అవుతుంది. మింగిన భాగాన్ని షిఫ్ట్ లెన్స్ తేలేదు, సాఫ్ట్‌వేర్ తేలేదు. నా ఉదాహరణలో తొమ్మిది మీటర్ల నుంచి పద్నాలుగున్నర మీటర్లకు వెనక్కి జరిగితే మామూలు 30 మి.మీ. లెన్స్, లెవెల్‌గా ఉండి, షిఫ్ట్ లేకుండానే కొసను అందుకుంటుంది. అలంపురం ప్రాంగణంలో గుళ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉన్న మాట నిజమే. కానీ ఎదురుగానే తీయాలన్న పట్టుదల మానుకుని మూలగా చూస్తే, రెండు గుళ్ల మధ్య సందులోంచి చాలాసార్లు ఆ అయిదు మీటర్లు దొరుకుతాయి. లెన్స్ కొనే ముందు ఒక పూట ఆ ప్రాంగణంలో కెమెరా లేకుండా తిరగమని నా సలహా.

చోటు నిజంగానే లేకపోతే, మీ మిత్రులెవరూ చెప్పని మూడో దారి ఒకటుంది. ఇంకా వెడల్పైన లెన్స్ తీసుకుని, కెమెరాను ఖచ్చితంగా లెవెల్‌లో పెట్టి తీసి, కింద అనవసరంగా పడిన నేలను కత్తిరించేయండి. షిఫ్ట్ లెన్స్ పెద్ద వృత్తంలోంచి ముక్కను ఎంచుకుంటుంది. మీరు పెద్ద ఫ్రేములోంచి ఎంచుకుంటున్నారు, సూత్రం ఒక్కటే. 20-35 మి.మీ. జూమ్‌ను 20 దగ్గర పెడితే లెవెల్ కెమెరాలో పైకి 47 డిగ్రీల పైచిలుకు అందుతుంది. 15 మి.మీ. షిఫ్ట్ చేసిన 30 మి.మీ. చిత్రం చూపే వెడల్పునే అందులోంచి కత్తిరించుకుంటే, 102 మెగాపిక్సెళ్లలో దాదాపు 41 మిగులుతాయి. ఏ పిక్సెలూ సాగలేదు, ఊహించి నింపినదేదీ లేదు. ఇంత పెద్ద సెన్సరున్న మీడియం ఫార్మాట్ కెమెరా కొన్నందుకు ఇంతకంటే మంచి వాడకం నాకు తోచదు. నా కొలతల ప్రకారం కొస ఇంకో రెండు డిగ్రీలు పైన ఉంది కాబట్టి అర మీటరుకు కాస్త ఎక్కువ వెనక్కి జరగాలి, లేదా కెమెరాను ఒకటి రెండు డిగ్రీలు ఎత్తి ఆ కాస్తా సాఫ్ట్‌వేర్‌కు వదలాలి. ఈ రెండో పద్ధతినే నేను ఎక్కువగా వాడతాను.

షిఫ్ట్ లెన్స్‌ను పొగిడేవారు దాని అంచుల గురించి మాట్లాడరు. పూర్తిగా జరిపినప్పుడు శిఖరం బింబవృత్తపు కొసన పడుతుంది. ఏ లెన్సయినా అక్కడ కొంత మెత్తగా, కొంత మసకగా ఉంటుంది. అంటే ఒకవైపు లెన్స్ మధ్యభాగపు పదును సాఫ్ట్‌వేర్‌లో సాగుతుంటే, మరోవైపు లెన్స్ అంచు మెత్తదనం సాగకుండా నిలుస్తుంది. ఇది సమాన పోటీకి దగ్గరే. ఫుజి 30 మి.మీ. లాంటి పెద్ద వృత్తమున్న లెన్స్‌లో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8, ఎఫ్11ల మధ్య ఉంచితే షిఫ్ట్‌దే గెలుపు. కానీ చాలామంది ఖర్చు తగ్గించుకోవడానికి అడాప్టర్‌తో పెట్టే కెనాన్ 24 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ రెండో తరం లెన్స్‌ది 67.2 మి.మీ. వృత్తం. అది మీ దానికంటే చిన్న సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం లెక్కగట్టింది. ఆ కెమెరా మీద 12 మి.మీ. జరిగే ఆ లెన్స్, మీ సెన్సర్ మీద నిలువు ఫ్రేములో ఏడు మిల్లీమీటర్లు దాటితే మూలలు నల్లబడతాయి. కోణం కూడా షిఫ్ట్ చేసిన 30 మి.మీ. లెన్స్ అంతే అందుతుంది, కానీ శిఖరం పూర్తిగా వృత్తపు అంచున కూర్చుంటుంది. ఆ స్థితిలో 20 మి.మీ. దగ్గర లెవెల్‌గా తీసి కత్తిరించిన చిత్రాన్నే నేను ఎంచుకుంటాను.

సాఫ్ట్‌వేర్ వైపు జాగ్రత్త పడవలసినది ఒకటి ఉంది. అది నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. కొన్నేళ్ల కింద ఒక ఆలయ ద్వారబంధాలను ఒక పుస్తకం కోసం తీసి ఇచ్చాను. పాత మాన్యువల్ లెన్స్‌ను అడాప్టర్‌తో పెట్టాను కనుక చిత్రం ఫైలులో ఫోకల్ లెంగ్త్ నమోదు కాలేదు. కెమెరా ఎత్తి తీసి, లైట్‌రూమ్‌లో గీతలు గీసి నిటారు చేశాను, కంటికి ముచ్చటగా వచ్చింది. ఆ పుస్తకం రాస్తున్న పెద్దాయన టేపు పెట్టి కొలిచి, వెడల్పుకు సరిగ్గా రెండింతలు ఎత్తున్న ద్వారం నా చిత్రంలో ఒకటికి 1.8 మాత్రమే ఉందని చూపించారు. గీతలను సమాంతరం చేయడానికి గీతలు చాలు. నిలువుగా ఎంత సాగదీయాలో తెలియాలంటే ఫోకల్ లెంగ్త్ తెలియాలి. అది లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. ఫ్రేమును ముందే ఒక పక్కకు కత్తిరించి సవరించినా, షిఫ్ట్ చేసిన చిత్రానికి మళ్లీ ఆటోమేటిక్ సవరణ నొక్కినా ఇదే తప్పు వస్తుంది, ఎందుకంటే లెన్స్ అక్షం చిత్రం నడిమధ్యలో ఉందనే అది లెక్కిస్తుంది. అప్పటినుంచి నేను తీసే ప్రతి ద్వారానికీ వెడల్పు, ఎత్తు నోటుపుస్తకంలో రాసుకుని, ఎత్తు వెడల్పుల నిష్పత్తిని మార్చే ఆస్పెక్ట్ స్లైడర్‌ను ఆ కొలతకు సరిచేస్తున్నాను. లెన్స్ ప్రొఫైల్ సవరణ (లెన్స్ సొంత వంకరలను సరిచేయడం) ముందు, నిటారు చేయడం తరువాత, కత్తిరించడం చివర. ఈ వరుస తప్పకండి.

షిఫ్ట్ లెన్స్‌కు సాటి లేని చోట్లు కూడా చెప్పాలి. మీరు నల్లగొండ దాకా వచ్చి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడండి. పడమటి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఉండే ఆ నీడ, ముందున్న స్తంభాల మధ్యనుంచి వచ్చే వెలుతురుతో ఏర్పడేదే. నడిమధ్య ట్రైపాడ్ పెట్టి మనం నిలబడితే మన శరీరమే ఆ వెలుతురుకు అడ్డం. అర్చకుల అనుమతితో ఒక పక్కకు జరిగి, సెన్సర్‌ను వెనక గోడకు సమాంతరంగానే ఉంచి, లెన్స్‌ను అడ్డంగా జరిపితే నీడా చెదరదు, గర్భగుడి చౌకట్టూ వంకరపోదు. కెమెరాను తిప్పి తీసి తరువాత సవరించవచ్చు, కానీ గర్భగుడి చీకటిలో పిక్సెళ్లు సాగినప్పుడు వాటి వెంట నాయిస్ (చీకటిలో పడే చుక్కలు) కూడా సాగుతుంది. పైగా అంత దగ్గర దూరంలో ఫోకస్ తలం సంగతి వస్తుంది: సెన్సర్ గోడకు సమాంతరంగా ఉంటే గోడంతా ఒకే ఫోకస్‌లో ఉంటుంది, కెమెరా తిప్పితే తలం గోడను ఏటవాలుగా కోస్తుంది, ఒక అంచు జారిపోతుంది. ఆ జారినదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ సవరణా వెనక్కి తేలేదు. ఆరుబయట శిఖరం తీసేటప్పుడు ఈ బెంగ దాదాపు లేదు. పానగల్లులోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పపు వరుసలను ముక్కముక్కలుగా తీసి కలపడానికి కూడా షిఫ్ట్ మేలు. అక్కడ లెన్స్‌ను స్థిరంగా పట్టి కెమెరా బాడీని జరపాలి, లెన్స్ జరిగితే దగ్గరి స్తంభం వెనక గోడతో తప్పిపోతుంది.

రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. దొరకకపోతే చేతిలో పట్టుకుని షిఫ్ట్ చేయడం అసాధ్యం కాదు, కానీ ఒక్క డిగ్రీ ఒరిగినా ఆ లెన్స్ కొన్న ఫలం సగం పోతుంది, ఆ ఒరిగినదాన్ని ఎలాగూ సాఫ్ట్‌వేరే సరిచేయాలి. కెమెరాలోని ఎలక్ట్రానిక్ లెవెల్ ఆకుపచ్చగా మారేదాకా ఆగి నొక్కడం అలవాటు చేసుకోండి.

ఎంత నిటారు చేయాలన్నది రుచికి సంబంధించిన మాట కూడా. కింద నిలబడి తలెత్తి చూసేవాడికి గుడి పైకి పోతూ కొంచెం సన్నబడాలని మనసు ఎదురుచూస్తుంది. అంతా ఖచ్చితంగా నిలబెడితే శిఖరం ముందుకు తూలుతున్నట్టు అనిపిస్తుంది. క్యాప్చర్ వన్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో కీస్టోన్ సవరణ (వాలుగోడలను నిటారు చేయడం) మొదట 80 శాతం దగ్గరే ఆగడానికి కారణం ఇదే. కొలతల కోసం తీసే చిత్రాన్ని నూటికి నూరూ సవరించండి. గోడకు పెట్టుకునే చిత్రాన్ని 85 దగ్గర వదిలి చూడండి, ఆమలకం కూడా కాస్త ఉసిరికాయ వైపు తిరిగి వస్తుంది.

కనుక ఇప్పుడే కొనకండి. మీ పాత ఫైలు తెరిచి, శిఖరం కొస పడేలా కెమెరాను ఎన్ని డిగ్రీలు ఎత్తారో ముందు లెక్కించుకోండి. ఈసారి అలంపురం వెళ్లేటప్పుడు హైదరాబాద్‌లో అద్దెకు దొరికే చోట 20-35 జూమ్, వీలైతే 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ రెండూ రెండు రోజులకు తీసుకుని, ఒకే గుడిని ఒకే చోటి నుంచి మూడు పద్ధతుల్లోనూ తీయండి, తరువాత పదడుగులు వెనక్కి పోయి ఒకటి తీయండి. నాలుగింటినీ మీరు నిజంగా వేయించుకునే సైజులోనే ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టి చూడండి, స్క్రీన్ మీద నూరు శాతం పెంచి కాదు. గర్భగుళ్లు, మండపాల లోపలి భాగాలు, శిల్పపు వరుసలు మీ పనిలో సగానికి మించి ఉంటేనే షిఫ్ట్ లెన్స్‌కు డబ్బు పెట్టండి; శిఖరాలే ఎక్కువైతే ఆ డబ్బుతో జూమ్ కొనుక్కోండి.